సగం కుర్చీలైతే సగం రోగమేనా?

గోవాలోని ఫతోర్దా స్టేడియంలో 2020 మార్చి 14న ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ జరిగింది. ఏటీకే జట్టు చెన్నయిన్ జట్టును 3-1 తేడాతో ఓడించింది. ఆ విజయానికి చప్పట్లు కొట్టడానికి స్టేడియంలో ప్రేక్షకులు లేరు. కరోనా కారణంగా గేట్లు మూసివేశారు. అదే స్టేడియంలో 2022 మార్చి 20న మన హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ జట్లు ఫైనల్ ఆడిన రోజున గేట్లు మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ రెండు తేదీల నడుమ రెండు సీజన్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ఖాళీ కుర్చీల మధ్య సాగాయి.

అప్పట్లో హైదరాబాద్ జట్టు సొంత మైదానం గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం. ఆ కాలంలో అక్కడ లీగ్ మ్యాచ్ ఒక్కటీ జరగలేదు. ఆ క్రీడా ప్రాంగణంలోని బహుళ అంతస్తుల భవనాన్నే ప్రభుత్వం 2020లో 1,500 పడకల కోవిడ్ ఆసుపత్రిగా, టిమ్స్ అనే పేరుతో మార్చింది. ఆటగాళ్ళ కోసం కట్టిన చోట ఊపిరి కోసం పోరాటం జరిగింది. మైదానాలు తిరిగి తెరవడంపై మాట్లాడేటప్పుడు ఈ దృశ్యాన్ని మరచిపోకూడదు.

ఒక మంచి ప్రశ్న

మా మధురానగర్‌లో ఉదయపు నడకకు వచ్చే మిత్రుల్లో సినిమా రంగానికి చెందినవారు కొందరున్నారు. పక్కనే ఫిల్మ్‌నగర్ కదా! 2020 అక్టోబరులో కేంద్రం థియేటర్లను సగం సీట్లతో నడుపుకోవచ్చని అనుమతించినప్పుడు వారిలో ఒకరు నన్ను అడిగారు: "డాక్టరు గారూ, సగం కుర్చీలు నింపితే రోగం సగమే వస్తుందా? ఇదేం లెక్కండీ?" ఆయన ఎగతాళిగానే అడిగారు. కానీ అది చాలా మంచి ప్రశ్న. స్టేడియానికైనా, థియేటరుకైనా, పెళ్ళి పందిరికైనా అదే ప్రశ్న వర్తిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. వంద మంది ఉన్న చోట ఇద్దరిద్దరు చొప్పున కలుసుకోగల జంటలు 4,950. యాభై మందే ఉంటే ఆ జంటలు 1,225. అంటే మనుషులు సగమైతే పరస్పర సంపర్కాలు దాదాపు పావు వంతుకు పడిపోతాయి. దీనికి తోడు, జనం తగ్గినకొద్దీ వారిలో రోగి ఉండే అవకాశమూ తగ్గుతుంది. కనుక ఆ నిబంధన అర్థం లేనిదేమీ కాదు.

అయితే ఈ లెక్క నిలవాలంటే ఒక షరతు ఉంది. లోపల కుర్చీలు దూరంగా ఉండి, బయట ఒకే గేటు దగ్గర అందరూ తోసుకుంటే ఆ పావు వంతు కాగితం మీదే మిగిలిపోతుంది. వైరస్ టికెట్టు మీది సీటు నంబరు చూడదు. మూసి ఉన్న గాలిలో, దగ్గరగా, ఎంతసేపు కలిసి ఉన్నారు, ఎంత గట్టిగా అరిచారు అనేవే దానికి ముఖ్యం.

ప్రపంచం నేర్పిన పాఠాలు

ఇటలీలోని బెర్గామో నగరం నుంచి సుమారు 40 వేల మంది 2020 ఫిబ్రవరి 19న మిలాన్‌లోని శాన్ సిరో స్టేడియానికి తరలివెళ్ళారు. తమ అటలాంటా జట్టు వాలెన్సియాతో ఆడిన మ్యాచ్ అది. ఇటలీలో స్థానికంగా సోకిన తొలి కేసు బయటపడింది ఆ తరువాత ఒకటి రెండు రోజులకే. కొద్ది వారాల్లో బెర్గామో శవపేటికల నగరమైంది. ఆ ఒక్క మ్యాచే అంతటికీ కారణమనడం శాస్త్రీయం కాదు. కానీ కిక్కిరిసిన బస్సులు, రైళ్ళు, గోల్ పడినప్పుడల్లా ఆలింగనాలు, రాత్రి హోటళ్ళలో విందులు అప్పటికే ప్రబలుతున్న వైరస్‌కు తోడ్పడ్డాయని నిపుణులు అభిప్రాయపడ్డారు.

ఇంగ్లండులో 2020 డిసెంబరు మొదట్లో అభిమానులను మళ్ళీ అనుమతించారు. వ్యాప్తి తక్కువగా ఉన్న ప్రాంతాల్లో 4,000 మంది, ఓ మోస్తరుగా ఉన్నచోట 2,000 మంది, తీవ్రంగా ఉన్నచోట ఎవరూ వద్దు. 60 వేల మంది పట్టే ఆర్సెనల్ మైదానంలో 2,000 మందే కూర్చున్నారు. ఆ నెల మధ్యకల్లా లండనులో కేసులు పెరగడంతో ఆ కొద్దిమందినీ ఆపివేశారు. మేము రోగి పరిస్థితిని బట్టి మందు మోతాదును పెంచినట్లు, తగ్గించినట్లు ఉంటుంది ఈ పద్ధతి.

అన్నిటికన్నా గొప్ప పాఠం స్కాట్లండుది. 2021 యూరో పోటీల సందర్భంగా మ్యాచ్‌లు చూడడంతో ముడిపడిన కేసులు 1,991 అని అక్కడి ప్రజారోగ్య సంస్థ లెక్కతేల్చింది. వారిలో 1,294 మంది లండనుకు ప్రయాణించినవారే. కానీ వెంబ్లీ స్టేడియం లోపల కూర్చున్నవారు 397 మంది మాత్రమే! తక్కినవారిలో ఎక్కువమంది ప్రయాణాల్లో, మద్యశాలల్లో, మిత్రుల ఇళ్ళలో గుమిగూడినవారు. స్టేడియం తలుపులు మూసినంత మాత్రాన గుంపు మాయమైపోదు. అది గాలి ఆడని మరో గదిలోకి మారుతుంది.

ఇంకొక మాట. గోవాలో ఆటగాళ్ళు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా 'బయో బబుల్'లో ఉన్నారు. ప్రేక్షకుడన్నవాడు లేడు. అయినా 2022 జనవరిలో ఒమిక్రాన్ లోపలికి ప్రవేశించి, పలు మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి.

మా వీధి కుర్రవాడి ప్రయాణం

ఫైనల్‌కు టికెట్ దొరికిన మా వీధి కుర్రవాడు ఒకడు సంతోషంతో వచ్చి, "తాతగారూ, వెళ్ళవచ్చా?" అని అడిగాడు. అతడికి రెండు డోసుల టీకా పూర్తయింది. సమస్య అతడిది కాదు, ఇంట్లో ఉన్న నాయనమ్మది. ఆమెకు మూత్రపిండ మార్పిడి జరిగింది. కొత్త మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా వాడే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అటువంటివారికి టీకా ఇచ్చే రక్షణ కూడా ఇతరులకన్నా తక్కువే.

వద్దని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కానీ రెండేళ్ళు గదిలో కూర్చుని చదువుకున్న పిల్లవాడు అతడు. అభిమానుల మధ్య నిలబడి కేక పెట్టడం విలాసం కాదు, అది కూడా ఆరోగ్యంలో భాగమే. మా విద్యార్థి దశలో ఫతే మైదానంలో ఫుట్‌బాల్ చూస్తూ గొంతు పోగొట్టుకున్న నాకు ఆ సంగతి తెలుసు. రహీం సాహెబు శిక్షణలో హైదరాబాద్ పోలీసు జట్టు దేశాన్ని ఏలిన కథలు వింటూ పెరిగిన తరం మాది.

"వెళ్ళు నాయనా, కానీ స్టేడియం గురించి కాదు, బస్సు గురించి భయపడు" అన్నాను. ఆట రెండు గంటలు, అదీ ఆరుబయట. ఏసీ స్లీపర్ బస్సు రాత్రంతా, అద్దాలు మూసుకుని. బస్సులో ఎన్95 మాస్కు తీయవద్దన్నాను. తిరిగి వచ్చాక ఐదు రోజులు మేడమీది గదిలో ఉండి, మూడో రోజున, ఐదో రోజున పరీక్ష చేసుకోమన్నాను. అతడు తు.చ. తప్పకుండా పాటించాడు. నాయనమ్మ కిందినుంచే మ్యాచ్ కబుర్లు అడిగిందట.

ఆ కబుర్లకు కొదవ లేదు. కేరళ ముందంజ వేయగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమమైంది. పెనాల్టీ షూటౌట్‌లో గోవాకే చెందిన మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు అడ్డుకోగా, 3-1తో హైదరాబాద్ తొలిసారి విజేత అయింది.

అదే రోజున ఒక విషాదమూ జరిగింది. ఫైనల్ చూడడానికి మోటారు సైకిల్‌పై గోవాకు బయలుదేరిన ఇద్దరు కేరళ యువకులు కాసరగోడ్ జిల్లాలో రోడ్డు ప్రమాదానికి బలైపోయారు. టీకా ధ్రువపత్రాలు, మాస్కులు అన్నీ అప్పట్లో గేటు దగ్గర పరీక్షించేవారు. ఆ దారిలో ఏ రాత్రివేళ నిద్ర లేకుండా బండి నడుపుతున్నారో ఎవరూ పరీక్షించరు.

గుర్తుంచుకోవలసినవి

2022 అక్టోబరులో గచ్చిబౌలికీ ప్రేక్షకులు తిరిగి వచ్చారు. నిబంధనలు పోయినా, వాటి వెనుక ఉన్న వివేకం ఫ్లూ కాలంలోనూ పనికివస్తుంది.

1. దగ్గు, జ్వరం ఉంటే టికెట్ ఎంత ఖరీదైనదైనా ఇంట్లోనే ఉండండి.
2. ఆరుబయట కన్నా కిక్కిరిసిన మెట్రో, ఏసీ బస్సు, మూసి ఉన్న హోటలు గది ప్రమాదకరం. మాస్కు అవసరం అక్కడే ఎక్కువ.
3. చివరి విజిల్ మోగగానే గేటు దగ్గరకు పరుగెత్తవద్దు. పది నిమిషాలు కూర్చోండి.
4. ఇంట్లో వృద్ధులు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు ఉంటే తిరిగి వచ్చాక కొద్ది రోజులు వేరుగా ఉండండి.
5. రాత్రంతా బండి నడిపి మ్యాచ్‌కు వెళ్ళవద్దు.

ఆ మిత్రుడికి నేను చివరకు చెప్పింది ఇదే: "సగం కుర్చీలు ఖాళీగా ఉంచడం థియేటరు యజమాని చేతిలో పని. ఇంటినుంచి బయలుదేరి మళ్ళీ ఇల్లు చేరేవరకు జాగ్రత్త పడడం మన చేతిలో పని. రెండోది చేయకపోతే మొదటిది వృథా."