రెండు రూపాయల వడ్డీకి రాజధాని

గుంటూరు జిల్లాలో బయట తెచ్చే అప్పు వడ్డీని ఏడాదికి ఇంత శాతమని ఎవరూ చెప్పరు. నెలకు, నూటికి, ఇన్ని రూపాయలంటారు. రూపాయి వడ్డీ అయినవాళ్ల మధ్య మాట, రెండు రూపాయలు బజారు మాట. వినడానికి చిల్లరలా ఉంటుంది గానీ ఏడాదికి 24 శాతం. 2017లో మా పెద్దమ్మ కొడుకు ఆ వడ్డీకి ప్రోనోటు రాసి 10 లక్షలు తెచ్చాడు. చేతిలో ఉన్న 5 లక్షలు కలిపి రాజధాని గ్రామాల్లో 150 గజాల ప్లాటు కొన్నాడు. దాని పక్కదే నేను కొన్నాను. రెండూ భూసమీకరణలో ఒక రైతుకు వాటాగా వచ్చినవి. ఇద్దరికీ గజం 10,000 పడింది. నేను పెట్టినది గడువు తీరిన ఫిక్స్‌డ్ డిపాజిట్ల డబ్బు.

“ఏడాదిలో డబులవుద్ది రా, వడ్డీ ఓ లెక్కా?” అన్నాడు అన్నయ్య. శంకుస్థాపన జరిగి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు, కరకట్ట రోడ్డు మీద కార్లు బారులు తీరి ఉండేవి. ఆ మాట ఆ రోజుల్లో ఎవరికీ తప్పనిపించలేదు.

2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఇక కొనేవాడే లేడు. వెనకాలే కోవిడ్. అన్నయ్య నెలకు 20,000 చొప్పున 2020 చివరికి దగ్గర దగ్గర 9 లక్షలు వడ్డీకే కట్టాడు, అసలు అసలుగానే ఉంది. గజం 6,500కి అమ్మేశాడు. వచ్చిన 9.75 లక్షలు అప్పు తీర్చడానికి కూడా చాల్లేదు. కొన్నాయన నగదు పట్టుకుని వచ్చాడు, ఇప్పటికీ అమ్మలేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి, ధర లేచింది. మా రెండు ప్లాట్ల మధ్య హద్దురాయి తప్ప తేడా లేదు. నాకేదో ముందుచూపు ఉందని కాదు, రాజధాని సంగతి నాకూ తెలీదు. నెల తిరిగేసరికి గుమ్మంలోకి వచ్చి అడిగేవాళ్లు లేరు గనక ఊరుకోగలిగాను.

అప్పట్నుంచి ఎవరైనా ప్లాటు గురించి సలహా అడిగితే ముందు డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తున్నారో అడుగుతాను. ఏరియా సంగతి తర్వాత. ఖాళీ స్థలం అద్దె ఇవ్వదు, దాని మీద వడ్డీ ప్రతి రూపాయీ జీతంలోంచే పోవాలి. బ్యాంకులు ప్లాటుకు అప్పిచ్చినా అనుమతి ఉన్న లేఅవుట్ అయి ఉండాలంటాయి, కొన్నేళ్లలో ఇల్లు కట్టాలని చాలావరకు షరతు పెడతాయి. అందుకే ప్లాటుకు సొంత డబ్బు, ఫ్లాటుకు బ్యాంకు అప్పు అని మా ఇంట్లో గీత గీసుకున్నాం.

ఆ ఫ్లాటు 2021లో హైదరాబాద్‌లో, మియాపూర్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో తీసుకున్నాం. పాతది, రెండు పడగ్గదులది, 65 లక్షలు. ఆ స్థాయి అప్పుకు బ్యాంకు విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చు. మేం 50 లక్షలకే ఆగాం. చాలామంది లెక్క తప్పేది రిజిస్ట్రేషన్ దగ్గర. తెలంగాణలో అన్నీ కలిపి 7.5 శాతం, అంటే మాకు 5 లక్షలకు కాస్త తక్కువ. బ్యాంకు దాన్ని విలువలో కలపదు. రంగులు, ప్లంబింగు, కప్‌బోర్డులు వేరే. చివరికి చేతిలోంచి 22 లక్షలు దాటింది.

అద్దె 18,000. ఈఎంఐ, 6.75 శాతానికి ఇరవయ్యేళ్లకు, 38,018. ‘అద్దెతో ఈఎంఐ దానంతటదే తీరిపోతుంది’ అని చెప్పే బ్రోకరును ఈ రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాయమనాలి. మెయింటెనెన్సు, ఇంటి పన్ను, కిరాయిదారు మారినప్పుడు ఖాళీగా ఉండే నెల తీసేస్తే మా ఫ్లాటు ఏడాదికిచ్చేది పెట్టిన ధరలో 3 శాతం లోపే.

అసలు పరీక్ష 2022 మేలో మొదలైంది. రెపో రేటు 4 శాతం నుంచి 2023 ఫిబ్రవరికి 6.5కి చేరింది. మా అప్పు రెపోకి ముడిపడ్డది కాబట్టి 9.25 శాతమైంది. బ్యాంకు ఈఎంఐని కదపలేదు, నాకూ ఏమీ తెలియలేదు, ఖాతాలోంచి అదే 38,018 పోతోంది. స్టేట్‌మెంట్ తీస్తే బాకీ 47.8 లక్షల చిల్లర. దాని మీద నెల వడ్డీయే 36,800 పైన. అంటే అసలుకు జమయ్యేది 1,200 కూడా లేదు. ఆ లెక్కన తీరాలంటే 37 ఏళ్లు పైగా పడుతుంది. అంత గడువు ఏ బ్యాంకూ ఇవ్వదు, అప్పటికి నాకు ఎనభై వస్తాయి. బ్రాంచికి వెళ్లి ఈఎంఐని 45,500కి పెంచమన్నాను. గడువు మళ్లీ పద్దెనిమిదేళ్లకు దిగింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అని అప్పు తీసుకున్నవాణ్ణే అడగాలని రిజర్వు బ్యాంకు ఆ ఏడాది ఆగస్టులో చెప్పింది. మెసేజ్ వస్తే చదవకుండా తీసేయకండి. 2025లో రేట్లు తగ్గాయి, నేను ఈఎంఐ తగ్గించుకోలేదు. మారే వడ్డీ గృహరుణంలో ముందుగా ఎంత కట్టినా జరిమానా ఉండదు.

ఏరియా సంగతి తర్వాతన్నాను గానీ, దాని మీద పెట్టిన శ్రద్ధ తక్కువేం కాదు. ధర ఎంత పెరుగుతుందో ఎవరైనా చెబుతారు, టులెట్ బోర్డు ఎన్నాళ్లు వేలాడుతుందో వాచ్‌మన్ ఒక్కడే చెబుతాడు. సాయంత్రం ఏడింటప్పుడు వెళ్లి ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో చూసేవాణ్ణి. నీళ్ల సంగతి ఏప్రిల్‌లో అడగాలి, వానాకాలంలో అడిగితే ప్రతి అపార్టుమెంటులోనూ బోరు నిండుగానే ఉంటుంది. ఇంకొంచెం దూరం పోతే అదే డబ్బుకు కొత్త ఫ్లాటు, క్లబ్‌హౌసుతో సహా వచ్చేది. అక్కడ కొన్నవాళ్లు ఎక్కువమంది పెట్టుబడికే కొన్నారు, దాంతో అద్దెకిచ్చేవాళ్లే తప్ప అద్దెకుండేవాళ్లు లేరు. మా పాత ఫ్లాటులో స్థలం వాటా ఎక్కువ, స్టేషను దగ్గర. కిరాయిదారు ఖాళీ చేస్తే నెలలోపు ఇంకొకరు వస్తున్నారు.

బ్యాంకు అప్పుకు ఇంకో ఉపయోగం ఉంది. వాళ్ల లాయరు ఈసీ, లింకు డాక్యుమెంట్లు, మునిసిపల్ ప్లాను అన్నీ తిరగేస్తాడు. అతని మాటే వేదమనను, మనం వేరే లాయరుకు చూపించుకోవాల్సిందే. కానీ అతను వద్దన్న ఆస్తిని నగదుకైనా కొనకూడదు. ఆ రోజుల్లోనే ఒక ప్రీలాంచ్ ఆఫరు కూడా వచ్చింది, మొత్తం ముందే కడితే సగం ధరకేనట. రెరా నంబరు లేదు. 500 చదరపు మీటర్ల స్థలమో, ఎనిమిది ఫ్లాట్లో దాటితే రెరాలో నమోదు కాకుండా అమ్మడమే చట్టవిరుద్ధం. ‘బ్యాంకు లోను వస్తుందా?’ అని అడిగాను. ఆ తర్వాత ఫోన్లు రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో వాదన ఆ 150 గజాల గురించే. గజం 22,000 ఇస్తామంటున్నారు, మొత్తం 33 లక్షలు. 2017లో రిజిస్ట్రేషన్‌తో కలిపి మాకు పడ్డది 16.1 లక్షలు. 2024 జులై 23కి ముందు కొన్నది కాబట్టి పన్ను 12.5 శాతంతోనైనా, ఇండెక్సేషన్ వేసి 20 శాతంతోనైనా కట్టొచ్చు. రెండు దారుల్లోనూ 2.2 లక్షల చుట్టుపక్కలే తేలుతోంది. కమీషను కూడా పోగా మిగిలేది 30.5 లక్షల లోపు. ‘రెట్టింపైందిగా’ అని అందరూ మెచ్చుకునే ఈ ప్లాటు ఎనిమిదేళ్లలో సంపాదించింది ఏడాదికి 8 శాతం చిల్లర. ఆ డబ్బు డిపాజిట్‌లోనే 6.5 శాతానికి ఉండుంటే, పన్నుకు ముందు, 26.5 లక్షలు దాటేది.

ఫ్లాటు బాకీ ఇంకా 44 లక్షల పైనే, వడ్డీ 8 శాతం. ప్లాటు అమ్మి అందులో కట్టేస్తే మిగిలిన 14 లక్షలు ఇదే ఈఎంఐతో మూడేళ్లలో తీరిపోతాయి. మా ఆవిడ అమ్మేద్దామంటోంది. రాజధాని కట్టడం పూర్తవనీ అని నేను. ఎప్పటికి పూర్తవుతుందని ఆమె అడుగుతుంది. సంక్రాంతి తర్వాత బ్రోకరుకు మాట చెప్పాలి.