ఫోన్ తడిసిందని పిల్లలు చెప్పగలగాలి



ఈమధ్య మా ఎనిమిదో తరగతిలో ఒక బాబు రెండు రోజులు ముభావంగా కూర్చున్నాడు. ఎవరి పిల్లాడని మాత్రం అడగకండి. పక్కకు పిలిచి అడిగితే అప్పుడు చెప్పాడు. వాళ్లమ్మ ఫోన్ చేయిజారి నీళ్ల బకెట్‌లో పడిందట. తీసి తువ్వాలుతో తుడిచి, ఎవరికీ చెప్పకుండా ఛార్జింగ్ పెట్టేశాడట. తెల్లారేసరికి ఫోన్ చచ్చిపోయింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాను.

"కొడతారని, మేడమ్."

ఫోన్ పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. కానీ చనిపోయిన తాతగారి ఫొటోలు ఆ ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయి.

వాడి మాటలు వింటుంటే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మాది ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. రాత్రంతా టార్చ్‌లా వాడి ఛార్జింగ్ అయిపోయిన నా ఫోన్ వానలో నానిపోయింది. అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టింది. వారం దాటాక కరెంటు వచ్చింది, ఫోన్ పనిచేసింది. బియ్యమే కాపాడిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.

టీచర్‌నయ్యాక, ద్రవాల్లో విద్యుత్ ప్రవాహం పాఠం చెబుతున్నప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. ఆ ఫోన్‌ను కాపాడింది బియ్యం కాదు, కరెంటు లేకపోవడం! మన నీళ్లలో లవణాలు కరిగి ఉంటాయి. తడి మీద కరెంటు పారితే షార్ట్ అవుతుంది, లోపలి లోహం త్వరగా తుప్పు పడుతుంది. ఆ బాబు ఛార్జింగ్ పెట్టి చేసింది అదే.

కాబట్టి ఫోన్ తడిస్తే వెంటనే స్విచ్ఛాఫ్ చేయండి. ఛార్జింగ్‌లో ఉండగా తడిస్తే ముందు గోడ మీది స్విచ్ ఆపండి, తర్వాతే ఫోన్ ముట్టుకోండి. పనిచేస్తుందో లేదోనని మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. కవర్, సిమ్ ట్రే తీసేసి మెత్తటి బట్టతో తుడవండి. ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. తర్వాత ఫ్యాన్ గాలికి ఒకటి రెండు రోజులు వదిలేయండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం వద్దు. బియ్యం కూడా వద్దు. నూక, పొడి రంధ్రాల్లో చేరి ఫోన్‌ను పాడుచేయవచ్చని ఆపిల్ సంస్థే 2024లో చెప్పింది.

కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచ్‌లకు పిక్నిక్ వెళ్లినప్పుడు ఇంకా జాగ్రత్త. ఉప్పునీరు చాలా వేగంగా తినేస్తుంది. ఆఫ్ చేసి, అదే రోజు రిపేరు షాపుకు తీసుకెళ్లండి. వాటర్‌ప్రూఫ్ అని ధీమా వద్దు, ఆ పరీక్షలు చేసేది మంచినీళ్లతో. బ్యాటరీ ఉబ్బినా, వేడెక్కినా ఇక ఛార్జింగ్ పెట్టకండి. ఫొటోలు మాత్రం ఈ వారమే ఇంకోచోట కూడా దాచుకోండి.

ఇవన్నీ మొదటి కొద్ది నిమిషాల్లో చేయాల్సిన పనులు. ఆ నిమిషాల్లో ఫోన్ దగ్గర ఉండేది చాలాసార్లు మీ పిల్లలే. వాళ్లు భయపడి దాచేస్తే మనకు తెలిసిన జాగ్రత్తలేవీ పనికిరావు. స్లిప్ టెస్ట్ పేపర్లు బ్యాగు అడుగున నలిగి కనిపించినప్పుడు కూడా నాకు ఇదే అనిపిస్తుంది.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట చెప్పండి: "ఫోన్ తడిస్తే ముందు ఆఫ్ చెయ్యి, వెంటనే మాకు చెప్పు. కొట్టం." నిజంగా తడిసిన రోజున ఆ మాట మీద నిలబడండి.

ఆ బాబు సాయంత్రం ఇంట్లో అంతా చెప్పేశాడు. మర్నాడు వాళ్లమ్మ నాకు ఫోన్ చేశారు, పక్కింటివాళ్ల ఫోన్ నుంచి. "ఫొటోలు పోయాయని ఏడ్చాను మేడమ్, కానీ వాణ్ని ఏమీ అనలేదు" అన్నారు.

— మీ పిల్లల సైన్స్ టీచర్