ఫ్యానుకి తలంటు

మా ఇంట్లో మూడు పడగ్గదులు. ఒకదాంట్లో మేం, ఒకదాంట్లో మా అత్తగారు, మూడోదాంట్లో పుట్టగొడుగులు. చుట్టాలొస్తే హాల్లో పడుకుంటారు.

ఫిల్మ్‌నగర్‌లో, గుట్ట వాలులో కట్టిన అపార్ట్‌మెంట్ మాది. మూడో అంతస్తు. ఈ చుట్టుపక్కల చదరపు అడుగు ఎంత పలుకుతోందో తెలిసినవాళ్ళు "పది బై తొమ్మిది గదిని పుట్టగొడుగులకిచ్చారా!" అని గుండెలు బాదుకుంటారు. మావారికి ఆ బాదుకోవడం రోజువారీ కార్యక్రమం.

మా అత్తగారిది భీమవరం దగ్గర పల్లెటూరు. మామగారు పోయాక ఇక్కడికొచ్చారు. ఊళ్ళో తొలకరి పడగానే గడ్డివాముల పక్కన పుట్టగొడుగులు ఏరుకొచ్చి కూరొండిన మనిషికి ఇక్కడ బాల్కనీ, టీవీ తప్ప ఏమీ మిగల్లేదు. ఏడాదిపాటు దిగులుగా గడిపి, ఎక్కడో చూసి, ఎవర్నో అడిగి, పది సంచులతో ముత్యపుచిప్ప పుట్టగొడుగులు మొదలెట్టారు. అదేనండీ, ఆయిస్టర్ మష్రూమ్స్. వరిగడ్డి రెండేసి అంగుళాల ముక్కలు చేసి, నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి, సంచిలో వరసకో గుప్పెడు విత్తనం చల్లి వేలాడదీయడమే. ఇప్పుడు అరవై సంచులున్నాయి. 200 గ్రాముల పొట్లాలు కట్టి అపార్ట్‌మెంట్లోనూ పక్క వీధిలోనూ అమ్ముతారు. ఆ డబ్బు హార్లిక్స్ సీసాలో ఉంటుంది. ఎంతుందో మావారికీ తెలీదు, నాకూ తెలీదు.

ఈ గదికి ప్రాణం ఫాల్స్ సీలింగ్ పైన దాక్కున్న ఆరంగుళాల ఇన్‌లైన్ ఫ్యాను. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను గోడ కన్నంలో కూర్చుంటుంది. ఇది పొడుగాటి గొట్టానికి మధ్యలో ఇమిడిపోయి, ఒకవైపు నుంచి గాలిని పీల్చి రెండోవైపు తోస్తుంది. మలుపులున్న గొట్టంలో గాలిని నెట్టాలంటే వంటింటి ఫ్యానుకి అంత దమ్ముండదు. మా గదిలో 810 ఘనపుటడుగుల గాలి పడుతుంది. ఫ్యాను పెట్టె మీద నిమిషానికి 300 అని రాసుంది, అంటే మూడు నిమిషాల్లోపే గది గాలంతా మారిపోవాలి. కాగితం మీద లెక్క అది. ఫిల్టరు తొడుగూ, రెండు మలుపులూ, చివర దోమల జాలీ కలిసి అందులో ఎంత మింగేస్తాయో తర్వాత తెలిసింది.

గాలి ఎందుకింత ముఖ్యమంటే, పుట్టగొడుగులు మొక్కల్లా కావు, మనలాగే ఊపిరి తీసుకుని బొగ్గుపులుసు వాయువు వదుల్తాయి. బయటి గాలిలో అది పది లక్షల్లో 420 పాళ్ళ చిల్లర ఉంటుంది. కాపు మొదలైన గదిలో 1000 దాటకుండా ఉంటే మంచిది. దాటితే కాడలు పొడుగ్గా సాగిపోయి, పైన గొడుగు మాత్రం బొత్తామంత మిగులుతుంది. అలాగని గాలి కోసం తలుపులు బార్లా తీస్తే హైదరాబాదు ఎండకి తేమ ఆరిపోతుంది, వాటికేమో 85 శాతం తేమ కావాలి. ఫ్యానుండాలి, తలుపు మూసుండాలి.

రెండేళ్ళు అలాగే నడిచింది. ఈ ఏడు మాఘమాసంలో మా అత్తగారికి దగ్గు పట్టుకుంది. పగలు ఏమీ లేదు, రాత్రి పదింటికి మొదలయ్యేది. మిరియాల కషాయం, తమలపాకు రసం, వాము ఆవిరి అన్నీ అయ్యాక ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికెళ్ళాం. ఆయన అన్నీ విని, గొట్టంలోకి ఊదించి, "ఇంట్లో పావురాలున్నాయా, అమ్మా?" అని అడిగారు. లేవన్నాం. పుట్టగొడుగులున్నాయన్నాం. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

ముదిరిన పుట్టగొడుగు గొడుగు అడుగునుంచి పొగలాగా సన్నటి పొడి రాలుతుంది. అదే వాటి విత్తనం, స్పోర్ అంటారు. అందులోనూ ఈ ముత్యపుచిప్ప రకాలు మహా ధారాళం. పుట్టగొడుగుల గదుల్లో పనిచేసేవాళ్ళకి ఆ పొడి ఏళ్ళ తరబడి పీల్చడం వల్ల వచ్చే జబ్బొకటుంది, మష్రూమ్ వర్కర్స్ లంగ్ అని వైద్యంలో దానికి పేరు కూడా పెట్టారు. గదిలో పనిచేసిన కొన్ని గంటలకి దగ్గు, ఆయాసం, ఒక్కోసారి జ్వరం. మా అత్తగారిది ఇంకా అందాకా రాలేదు, కానీ దారి అదే అన్నారు డాక్టరు. గాలి సరిగ్గా ఆడని గదిలో ఆవిడ అడుగు పెట్టకూడదు, గాలి ఆడినా మాస్కు లేకుండా వెళ్ళకూడదు, మూడు నెలల తర్వాత మళ్ళీ ఊదాలి.

ఆ రాత్రి ఇంట్లో చిన్న సైజు యుద్ధం. మావారు గది మూసేద్దామన్నారు. "నా ఊపిరి సంగతి నాకు తెలుసు. పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుని బతకమంటావేంట్రా? దానికన్నా దగ్గే నయం" అన్నారు ఆవిడ. ఇద్దరూ తినకుండా లేచారు. పప్పుచారు గిన్నె ముందు నేనొక్కదాన్నే మిగిలాను. నాకు అర్థమైందేంటంటే, ఇద్దరి మాటా నెగ్గే దారి సీలింగ్ పైనుంది.

అప్పటికే కాడలు సాగుతున్నాయి. ఫ్యాను బిగించిన మనిషికి ఫోన్ చేస్తే "అది సీల్డ్ మేడమ్, అయిదేళ్ళు ముట్టుకోనక్కర్లేదు. గాలి చాలకపోతే ఎనిమిదంగుళాలది వేయించుకోండి" అని రేటు చెప్పాడు. మొదట బిగించిన రోజూ ఇదే మాట. చేతికి నల్లటి మసి అంటనివాడు చెప్పిన సలహా ఎంతవరకు నమ్మచ్చో మీకే తెలుసు.

అసలు గుట్టు బయటపెట్టింది సినిమావాళ్ళు. మా పక్క బంగళా షూటింగులకి అద్దెకిస్తారు. ఒకప్పుడు తెలుగు సినిమాలో మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పుకునేవే కాబట్టి, మన కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు కొందరు అక్కడికక్కడే మాట రికార్డు చేస్తున్నారు, సింక్ సౌండ్ అని. ఓ రోజు ప్రొడక్షన్ కుర్రాడు బెల్లు కొట్టి, "మేడమ్, మీ ఇంట్లో గ్రైండర్ ఆగట్లేదు, ఒక్క గంట ఆపగలరా?" అన్నాడు. మా గ్రైండర్ సంక్రాంతి తర్వాత దిగనేలేదు! అతను చెయ్యెత్తి చూపించినవైపు చూస్తే మా డక్టు మూతి. ఇంట్లో మాకు అలవాటైపోయిన మోత, బయటివాడికి గ్రైండర్ అన్నమాట.

మా మరిది ఇక్కడే ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. చెవులే అతని అన్నం. సాయంత్రం వచ్చి, "వదినా, స్విచ్ కట్టేసి విను" అన్నాడు. కరెంటు తీసిన క్షణమే మోత టక్కున ఆగిపోతే అది కరెంటు మోత, రెగ్యులేటర్ దగ్గర చూసుకోవాలి (సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్ వీటికి తగిలిస్తే కొన్ని మోటార్లు అలాగే గుయ్‌మంటాయట). రెక్కలు నెమ్మదించేకొద్దీ మోత కూడా నెమ్మదిస్తూ వెంటొస్తే రెక్కలదో, బేరింగుదో. మాది గుర్రు... గుర్రు... అంటూ చివరిదాకా వెంటొచ్చింది. "స్టూడియోలో ఏసీ చప్పుడు రాకుండా గొట్టాలు వెడల్పుగా పెట్టి గాలిని మెల్లగా పంపిస్తాం. నీదానికి గొట్టం సరిపోయింది, ఎక్కడో మూసుకుపోయింది" అన్నాడు.

ఆదివారం విప్పాం. స్విచ్ ఒక్కటే కాదు, ఎంసీబీ కూడా దించి, పావుగంట ఆగి. లోపల చిన్న కెపాసిటర్ ఉంటుంది, కరెంటు తీశాక కూడా కాసేపు అది పట్టుకుని ఉండొచ్చు. వైర్లు ఏ రంగు ఎక్కడుందో ఫోన్లో ఫొటో తీసుకున్నాను. అటూ ఇటూ క్లాంపులు వదులు చేస్తే నడుం భాగం చేతిలోకొచ్చింది. దాని మీద గాలి వెళ్ళే దిక్కుకి బాణం గుర్తుంటుంది, తిరిగి పెట్టేటప్పుడు అదే ఆధారం.

లోపల చూస్తే దోసెపిండి ఎండిపోయినట్టుంది రెక్కల మీద. పుట్టగొడుగుల తెల్లపొడి, దాని మీద బూడిదరంగు రాతిదుమ్ము, తేమకి రెండూ కలిసి గట్టిపడ్డాయి. రాతిదుమ్ము మా పక్క స్థలంలో సెల్లార్ కోసం ఆరునెలలుగా రాయి తొలుస్తున్న పుణ్యం. జూబ్లీహిల్స్ గుట్టలన్నీ గ్రానైటే కదా, ఇక్కడ ఇల్లు కట్టడమంటే ముందు కొండని పొడి చెయ్యడం. ఒక రెక్క మీద ఎక్కువ, ఇంకోదాని మీద తక్కువ పేరుకునేసరికి చక్రం ఒక పక్కకి బరువై ఊగుతోంది. ఆ ఊగుడే మోత. అలాగే తిప్పితే బేరింగు అరిగిపోతుంది.

నేను ఎన్-95 మాస్కు, మరిది కూడా. అత్తగారిని ఆ పూట ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానానికి పంపించేశాం. పొడిబట్టతో దులిపితే మొత్తం మళ్ళీ గాల్లోకి లేస్తుంది కాబట్టి తడిపి పిండిన గుడ్డ, గిన్నెల సబ్బు నాలుగు చుక్కలు, పాత టూత్‌బ్రష్షు. రెక్కకి రెండోవైపు వేలు ఆన్చి, వంగకుండా. మోటారు మీద నీళ్ళు పొయ్యకూడదు, చిలకరించకూడదు. ఒక రెక్కకి చిన్న క్లిప్పు గుచ్చి ఉంది, చెత్తేమో అని లాగబోతే మరిది చెయ్యి పట్టుకున్నాడు, అది కంపెనీవాళ్ళు బరువు సరిచెయ్యడానికి పెట్టిందట. వాక్యూమ్ క్లీనరుతో పీల్చేటప్పుడు రెక్కల్ని చేత్తో పట్టుకోవాలి, లేకపోతే ఆ గాలికి గిర్రున తిరిగి బేరింగు పాడౌతుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేద్దామా అన్నాను. సీల్ చేసిన బాల్ బేరింగుకి వెయ్యకూడదు, దుమ్ముని పిలిచి అతికించినట్టే అన్నాడు.

రెక్కల కంటే పెద్ద దొంగ బయట దొరికింది. డక్టు మూతికున్న దోమల జాలీ పూర్తిగా మూసుకుపోయి అట్టముక్కలా ఉంది. సంచుల చుట్టూ తిరిగే చిన్న ఈగల కోసం పెట్టిన జాలీ అది. తీసేద్దామంటే ఈగలు, ఉంచితే గాలి రాదు. కాబట్టి విప్పి కడిగేలా స్క్రూలతో బిగించాం. మధ్యలో డక్టు ఊయల్లా కిందికి వేలాడుతోంది, ఆ గుంతలో గ్లాసుడు నీళ్ళు! తేమగాలి చల్లబడి దిగిన నీళ్ళవి. వెనక్కి కారితే తిన్నగా మోటారులోకే. డక్టుని లాగి, బయటివైపు వాలు ఉండేలా రెండు పట్టీలతో కట్టి, అతుకుల్లో అల్యూమినియం టేపు వేశాం. మూతిని పై ఇంటివాళ్ళ కిటికీకి దూరంగా తిప్పాం. మన పొడి వాళ్ళ పిల్లలు పీల్చడం న్యాయం కాదు కదా.

అంతా ఆరాక స్విచ్ వేస్తే అనుమానమొచ్చింది, తిరుగుతోందా అని. అంత నిశ్శబ్దం. పీల్చే మూతి దగ్గర టిష్యూ కాగితం పెడితే చప్పున అతుక్కుపోయింది. వారంలో వచ్చిన కొత్త కాపుకి కాడలు పొట్టిగా, గొడుగులు అరచెయ్యంత.

అప్పట్నుంచి నెలకోసారి. క్యాలెండర్లో మా అత్తగారే రాస్తారు, "ఫ్యాను తలంటు" అని. వారం వారం ఫిల్టరు తొడుగు ఉతికి నీడన ఆరేస్తాను, రెండు తొడుగులు కొనుక్కుంటే పని ఆగదు. బొగ్గు నింపిన ఫిల్టర్లు వాడేవాళ్ళు మాత్రం లోపలి బొగ్గుని కడగకూడదు, పై గుడ్డ ఒక్కటే. గొడుగు అంచులు పైకి తిరగకముందే కోసెయ్యడం నా వంతు, పొడి రాలేది అవి విచ్చుకున్నాకే కాబట్టి. ఆవిడ గుమ్మం బయట కుర్చీ వేసుకుని, మాస్కు పెట్టుకుని, "అమ్మాయ్, ఆ మూలది వదిలేశావ్" అని ఆజ్ఞలు జారీ చేస్తారు. లోపలికి రానివ్వనని అలిగి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. సీసా డబ్బుల్లోంచి నాకు వాటా ఇస్తానన్నాక నేనూ మెత్తబడ్డాను, ఆవిడా మెత్తబడ్డారు.

మూడు నెలలయ్యాక మళ్ళీ ఊదారు. అంకె తగ్గలేదు, పెరగనూ లేదు. రాత్రి దగ్గు బాగా తగ్గింది. డాక్టరు "చూద్దాం" అన్నారు, ఆ మాట ఎవరివైపో ఇంకా తేలలేదు. మావారు మాత్రం "ఇంకో మూడు నెలలు, అంతే" అంటున్నారు, పుట్టగొడుగుల వేపుడు రెండోసారి వడ్డించుకుంటూ.

ఈమధ్య తెల్లవారుజామున ఫ్యాను మొదలయ్యేటప్పుడు సన్నగా కీచుమంటోంది. రెండేళ్ళ ఊగుడికి బేరింగు కాస్త దెబ్బ తినే ఉంటుందన్నాడు మరిది. దాని మీది నంబరు రాసుకున్నాడు, రాణిగంజ్‌లో దొరుకుతుందట. సంచులు దింపేసి కొత్తవి ఎక్కించే మధ్య వారం గది ఖాళీగా ఉంటుంది, అప్పుడు మార్చమని అత్తగారి ఉత్తర్వు. ఈ నెల 23 నుంచి.