పాత పంచెతో అడవి

మా కాలేజీ ఫెస్ట్‌లో ఈసారి కాస్‌ప్లే పోటీ పెట్టారు. థీమ్ ఫాంటసీ. మా క్లాసులో సగం మంది ఆన్‌లైన్‌లో కత్తులు, కవచాలు ఆర్డర్ పెట్టేశారు. నేను మాత్రం అడవి వేషం వేద్దామనుకున్నాను. ఒక చెట్టు లేచి నడుచుకుంటూ వస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. రెడీమేడ్‌గా దొరికినవి నచ్చలేదు, నచ్చినవి కొనే డబ్బు లేదు. అందుకని ఒక రూల్ పెట్టుకున్నాను: సూది, దారం తప్ప ఏదీ కొనకూడదు, మిగతాదంతా ఇంట్లో పాత బట్టలతోనే.

కాస్‌ప్లే అనగానే అందరం జపాన్ అనుకుంటాం. ఆ పేరు పుట్టింది జపాన్‌లోనే, 1980లలో. పని మాత్రం అంతకన్నా పాతది. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకి ఫారెస్ట్ ఆకర్‌మన్, మిర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు భవిష్యత్తు మనుషుల్లా తయారై వచ్చారు. ఆ రెండు డ్రెస్సులూ తయారుచేసింది మిర్టిలే. అసలు అంత దూరం ఎందుకు? మా చోడవరం, అనకాపల్లి వైపు గౌరీ పరమేశ్వరుల ఉత్సవాలంటే నేల వేషాలు ఉండాల్సిందే. వేషగాళ్లు రోడ్డు మీద, జనం మధ్యలోనే నడుస్తారు. పులి వేషం ఎదురొస్తే నాన్న కాళ్ల వెనక దాక్కుని పెరిగిన నాకు ఈ కాస్‌ప్లే మరీ కొత్తగా అనిపించలేదు.

సెలవుల్లో ఇంటికెళ్లి పాత బట్టల మూట విప్పాను. మామూలుగా ఆ మూట స్టీలు సామాన్లవాళ్ల కోసం ఎదురుచూస్తుంటుంది. వాళ్లు వద్దన్నవి నాన్నమ్మ బొంతలోకి పోతాయి. ముందు ఏది కాటనో, ఏది పాలిస్టరో తేల్చాలి. ఒక్కోదాని అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూశాను. కాటన్ పోగు కాగితం కాలిన వాసన వేసి బూడిదైపోతుంది. పాలిస్టర్ ముడుచుకుపోయి చివర గట్టి పూసలా మిగులుతుంది. ఆ ముడుచుకోవడమే నాకు పనికొచ్చింది. అమ్మ పాత చీరలు, నా స్కూలు చున్నీలు ఆకుల్లా కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని అంచుల్ని కొవ్వొత్తి దగ్గరగా తిప్పితే అచ్చం ఎండాకుల్లా వంకర్లు తిరిగాయి. పోగులు ఊడే గొడవ కూడా ఉండదు. మీరూ చేస్తే పక్కన నీళ్ల బకెట్ పెట్టుకోండి, కిటికీలు తెరవండి, కాటన్‌ని మాత్రం ఆ దగ్గరికి తేకండి.

చెట్టు బెరడుకి కాటన్ కావాలి, అదీ తెల్లది. ఇంట్లో తెల్లటి కాటన్ అంటే తాతయ్య పంచెలే. ఆయన పోయి రెండేళ్లయింది. అడగడానికి నాకు నోరు రాలేదు. నాన్నమ్మే "బెరడుకి ఏటి వాడతావే?" అని అడిగింది. నేను నసుగుతుంటే లేచి వెళ్లి పెట్టె తీసింది. మూడు పంచెలున్నాయి. రెండు నా ఒళ్లో పడేసి, మూడోది మళ్లీ మడతపెట్టి లోపల పెట్టేసుకుంది.

రంగు కొనకూడదు కదా. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల రంగుని ఇనుము, బెల్లం నీళ్లతో చేస్తారని చదివాను. అనకాపల్లి వైపు బెల్లానికి కరువేముంది? ఒక డబ్బాలో తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు వేసి ఇరవై రోజులు వదిలేశాను. నాన్నమ్మ దగ్గు మందు డబ్బాలో కరక్కాయలున్నాయి. వాటిని దంచి, ఆ నీళ్లలో పంచెలు నానబెట్టి ఆరేశాను, లేత పసుపు రంగొచ్చింది. కలంకారీవాళ్లు కరక్కాయతో పాటు పాలు కూడా కలుపుతారు, గీసిన రంగు పక్కకి పాకకుండా. నాకు పాకాలి, అందుకని పాలు మానేశాను. పంచెని తాడులా మెలిపెట్టి ఇనుప నీళ్లు పూస్తుంటే కళ్ల ముందే బూడిద రంగయ్యి, నల్లబడింది. కరక్కాయలో ఉన్న టానిన్ ఇనుముతో కలిసి చేసే పని అది. విప్పి చూస్తే బెరడు మీద ఉన్నట్టే చారలు!

"ఏటే ఇది? మల్లెపువ్వులాటి పంచెని తుప్పు నీళ్లలో ముంచేస్తన్నావు!" అంది నాన్నమ్మ. కానీ ఆరేయడానికి రెండో కొస తనే పట్టుకుంది.

హాస్టల్‌కి తిరిగొచ్చాక మా వాట్సాప్ గ్రూప్‌లో సలహాలు మొదలయ్యాయి. "అడవి కాబట్టి ట్రైబల్ లుక్ పెట్టు. ఈకలు, పూసలు, మొహం మీద గీతలు. జడ్జీలకి నచ్చుతుంది." నా రూమ్మేట్‌ది పాడేరు వైపు. మా చోడవరం నుంచి మాడుగుల దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే వాళ్ల ఊరు. ఆ మెసేజ్ నా ఫోన్‌లోనే చదివింది. "మా అమ్మ రోజూ చీర కట్టుకుని అంగన్‌వాడీకి వెళ్తుంది. ఆవిడ వేషం వెయ్యాలంటే ఈకలెందుకు, నీకు చీర చాలు" అంది. నవ్వుతూనే అంది, కానీ ఆ తర్వాత కాసేపు మాట్లాడలేదు. చెట్టు వేషం వేస్తే చెట్టుకేం కోపం రాదు. మనిషిని వేషం చేస్తే, ఆ మనిషి పక్క మంచం మీదే కూర్చుని ఉండొచ్చు. గ్రూప్‌లో ఒక్కటే రాశాను: "నేను వేసేది చెట్టు."

కాసేపటికి తనే వచ్చి నా ఆకులు చూసింది. "ఇవి ఏ చెట్టువి?" అంది. దేనివీ కావు, ఇంటర్నెట్ ఆకులు. అప్పుడు అడ్డాకు గురించి చెప్పింది. విస్తళ్లు కుట్టే ఆకు అది, చివర రెండు రెక్కలుగా చీలి ఉంటుంది. గుడ్డని మధ్యకి మడిచి ఒక్క వంపు కోస్తే చాలు, విప్పగానే అడ్డాకే. ఇద్దరం కూర్చుని 214 ఆకులు కోశాం. కింద వరసతో మొదలుపెట్టి పైకి కుట్టుకుంటూ వెళ్లాం, ఇంటి పెంకుల్లాగ. అప్పుడు పై వరస కింద వరస కుట్లని కప్పేస్తుంది.

పోటీలో ప్రైజు రాలేదు. ఒక జడ్జి మాత్రం "ఏ సైట్‌లో కొన్నావమ్మా?" అని అడిగారు. అది పొగడ్తే అనుకున్నాను.

రాత్రి వీడియో కాల్‌లో నాన్నమ్మకి చూపించాను. నన్ను అటూ ఇటూ తిప్పి మరీ చూసింది. "ఆ పచ్చది మీ అమ్మ సీమంతం చీర. ఆ పసుపుది నీ ఏడో తరగతి చున్నీ కాదేటే?" అని ఒక్కో ఆకునీ గుర్తుపట్టింది. జనానికి చెట్టు కనపడింది, ఆవిడకి మా ఇల్లంతా కనపడింది. బెరడు గురించి మాత్రం ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసే ముందు "మిగిలిన పీలికలు పారీకే, బొంతకి పనికొస్తాయి" అంది.

పీలికలన్నీ ఒక కవర్లో కట్టి పెట్టాను. నల్లవి విడిగా.