ఎదురుపిచ్చుక

సుమారు ముప్పది యేండ్ల క్రిందట వినుకొండ ప్రాంతంలో తెలుగు పండితునిగా పనిచేస్తున్న రోజులవి. "మా ఊరి పక్షులు" అనే వ్యాసంలో ఒక విద్యార్థి "ఎదురుపిచ్చుక" అని వ్రాశాడు. పిచ్చుకకు ఎదురేమిటని ఎర్రసిరాతో కొట్టివేశాను. శుకపికాలను పద్యాలలో తప్ప చెట్టుమీద పరికించి చూడని పాండిత్యం నాది.

పదవీ విరమణానంతరం థామస్ జెర్డన్ పక్షిశాస్త్ర గ్రంథం చూడడం తటస్థించింది. ఆయన నెల్లూరులో వైద్యుడుగా పనిచేసినవాడు. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనిదే. 1862-64 మధ్య వెలువడిన ఆ గ్రంథంలో రోజ్‌ఫించ్ అనే పక్షికి తెలుగు పేరు ఇంగ్లీషు లిపిలో ఉన్నది: ఎద్రుపిచికె! వెదురు గింజలు తినే పక్షి గనుక ఆ పేరట. వెదురే జనుల నోట ఎదురైనది. నేను కొట్టివేసినది తప్పు కాదు, తెలుగు.

ఆ విద్యార్థి నేడు పత్తి, మిరప పండించే రైతు. కబురు చేయగా, "రండి మాస్టారూ, చూపిస్తాను" అన్నాడు. మొన్న జనవరిలో గిద్దలూరులో రాత్రి గడిపి, తెల్లవారకముందే దిగువమెట్ట వద్ద నల్లమల అంచున ఒక వెదురుపొద చెంత కూర్చున్నాము.

ఏడు గంటల వేళ నాలుగు పిట్టలు వాలాయి. మూడు గోధుమవన్నెవి. నాలుగవ దాని తలా, రొమ్మూ కుంకుమ అద్దినట్లున్నవి. వెదురు ఎన్నో యేండ్లకొకసారి గాని పూయదు. అందువల్ల ప్రక్కనున్న లాంటానా పండ్లను పొట్టి ముక్కుతో నలిపి తిన్నవి. హిమాలయాలలోనూ, ఆపై ఉత్తర దేశాలలోనూ గూళ్ళు కట్టి, చలికాలానికి మన దాకా వచ్చే అతిథులివి.

"చిన్నప్పుడు మా జొన్నచేలకే వచ్చేవండి. ఇప్పుడంతా పత్తీ, మిరపా. వీటికి గింజేది?" అన్నాడతడు.

కంకి పోయింది, పిట్ట పోయింది, పేరూ పోయింది. ఆ పేరు పోవడంలో నా ఎర్రసిరాకూ కొంత వాటా ఉన్నది. నాటి సంగతి చెప్పి, మన్నించమన్నాను.

"నాకు గుర్తే లేదు మాస్టారూ. మీరు చాలా కొట్టేసేవారు గదండీ!" అని నవ్వాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మీ యింట పెద్దలుంటే పిట్టల పేర్లు అడిగి, వారు పలికినట్లే వ్రాసి ఉంచండి. తప్పొప్పులు తరువాత చూసుకోవచ్చును.