పట్టికకెక్కని పేర్లు

గడచిన వేసవి సెలవులలో థాయిలాండు చూడబోయి, కాంచనబురి పట్టణమున యుద్ధఖైదీల సమాధితోటలో ఒక ఉదయము గడపితిని. సంస్కృతము చదివినవాడను గనుక ఆ పేరు కాంచనపురి యని తోచి సంతసించితిని గాని, లోనికి పోయినంతనే ఆ సంతసము నిలువలేదు. పచ్చికపై వరుసలుదీరి ఇంచుమించు 7,000 సమాధులు కలవు. పెక్కింటిమీద మృతుని పేరు, పటాలము, వయస్సు వ్రాయబడి యున్నవి.

1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో జావా జపానువారికి లొంగెను. పట్టుబడిన బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి సైనికులలో 60,000 మందికి పైగా సయాము నుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుదారి వేయ నియోగింపబడిరి. 1943 అక్టోబరున దారి ముగిసెను. ఇంచుమించు 12,000 మంది ఖైదీలు దానికి బలియైరి. వారి పేర్లు నేటికిని నిలిచియుండుటకు కారణమేమి? శిబిరములలోని అధికారులు మృతుల పట్టికలను రహస్యముగా వ్రాసి దాచిరి. 1945లో యుద్ధము ముగియగానే అడవులు వెదకి సమాధులను గుర్తించిరి.

ఆ దారిలోనే మలయా రబ్బరుతోటల నుండి కొనిపోబడిన తమిళులును, మన తెలుగువారును, బర్మా, జావా కూలీలును పనిచేసిరి. వారు ఇంచుమించు రెండు లక్షల మంది యనియు, 90,000 మంది వరకు చనిపోయిరనియు చరిత్రకారుల అంచనా. 1943లో కలరా సోకగా గుంపులుగా గుంటలలో పూడ్చిరి. వారి పేర్లు వ్రాసియుంచిన అధికారి లేడు. 1990లో ఆ పట్టణముననే అట్టి గుంట యొకటి బయటపడెను. ఎముకలు దొరకినవి, పేర్లు దొరకలేదు.

ఎవ్వరును వ్రాయరైరి గదా యని కోపము వచ్చెను. అంతలో ఒక సంగతి జ్ఞప్తికి వచ్చి తలవంచుకొంటిని. ఏటేట మిరపకోతలకు కర్నూలు సీమనుండి కుటుంబములు మా గుంటూరు పల్లెలకు వచ్చి చేలగట్లపై గుడిసెలు వేసికొనును. మూడేండ్ల క్రిందట అందొక బాలిక బడి అరుగెక్కి, "సారూ, నా పేరు గూడ రాసుకోండి" అని యడిగెను. "రెండు నెలలలో పోవుదువు గదా, ఏల?" యంటిని. ఆమె పేరైనను అడుగనైతిని.

తోడి ఉపాధ్యాయులారా! మాఘమాసమున వారు మరల వత్తురు. ఈయేడు నా హాజరుపట్టీలో కడపటి పుటలు వారికై విడిచియుంచితిని. మీరును విడువుడు.