వదులవడానికీ శక్తి కావాలి

మదనపల్లె నుంచి మా ఇంటికి వచ్చినప్పటి నుంచి అవ్వ మెట్ల మధ్యలో ఆగి కూర్చునేది. నేను పైనుంచి "తొందరగా రా అవ్వా" అని అరిచేవాణ్ణి. పోయిన వేసవి సెలవుల్లో జయదేవ ఆసుపత్రికి తీసుకుపోయినాము. ఎకో పరీక్ష చూసి డాక్టరు కన్నడలో చెప్పింది నేనే తెలుగులో చెప్పాను: "గుండె బాగానే ముడుచుకుంటా ఉందంట అవ్వా, వదులవడమే సరిగా లేదంట."

"వదులయ్యేదానికి ఏం కష్టం రా? పిడికిలి విప్పినట్లే కదా" అనింది అవ్వ. నా దగ్గర జవాబు లేదు.

స్కూలు తెరిచినాక సైన్స్ సార్‌ను అడిగాను. ఆయన బోర్డు మీద గుండె కండర కణం గీశారు. గుండె కొట్టుకునే ప్రతిసారీ బయటి నుంచి కొంచెం కాల్షియం కణంలోకి వస్తుంది. అది లోపలి సంచుల తలుపులు తెరుస్తుంది. అక్కడ దాచిన కాల్షియం ఒక్కసారిగా బయటపడి కండరం ముడుచుకుంటుంది. వదులవాలంటే ఆ కాల్షియాన్ని మళ్ళీ సంచుల్లోకి ఎక్కించాలి. మా ఇంట్లో సంపు నీళ్ళు మేడ మీది ట్యాంకుకు ఎక్కించినట్టు, దానికి మోటారు కావాలి, కరెంటు కావాలి. ఆ కరెంటే ఏటీపీ. చనిపోయినవాళ్ళ ఒళ్ళు బిగుసుకుపోయేది కూడా ఏటీపీ అయిపోయినందుకే అని సార్ చెప్తే క్లాసంతా కాసేపు మాట్లాడలేదు.

గుండె కణంలో ఏటీపీ నిల్వ కొన్ని సెకన్లకే సరిపోతుంది. అందుకే కణంలో దాదాపు మూడో వంతు మైటోకాండ్రియాలే ఉంటాయి. నాకు బాగా నచ్చింది ఇది: ఆ కాల్షియమే కొంత మైటోకాండ్రియాల్లోకి కూడా పోయి, ఏటీపీ ఇంకా ఎక్కువ చేయమని చెప్తుంది. పని చెప్పిన చేత్తోనే కూలి కూడా ఇప్పించినట్టు!

ఈ ఏటీపీని 1929లో కనుగొన్నవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాలో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. మన పాఠంలో ఏటీపీ ఉంది, ఆయన పేరు కూడా ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి అవ్వకు ఇదంతా చెప్పాను. నిమిషానికి డెబ్బై సార్లు పిడికిలి ముడిచి విప్పి చూడమన్నాను. సగం నిమిషానికే చెయ్యి నొప్పి అనింది.

"గుండె ఇట్లా రోజుకు ఎన్ని సార్లు?"

"లక్ష అవ్వా."

ఏమీ అనలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటా ఉండింది.

ఇప్పుడు అవ్వ మెట్ల మీద ఆగితే నేనూ కిందికి దిగి పక్కన కూర్చుంటాను.